మంచం కింద కట్టలు మిగలకుండా కథల పుస్తకం వేసుకోవడం ఎట్ల?

కడపలో మా ఇంట్లో మంచం కింద చాలా ఏండ్లు రెండు అట్టపెట్టెలుండేవి. నా మొదటి కథల పుస్తకం కాపీలు. 500 వేయించి, ఆవిష్కరణ సభ పెట్టి, శాలువాలు కప్పి, కప్పించుకుని, వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పంచి, మిగిలినవి మంచం కిందికి తోశాను. ఇల్లు ఊడ్చిన ప్రతిసారీ మా ఆవిడ చీపురు ఆ పెట్టెలకు తగిలేది, ఆమె ఏమీ అనకుండా నావైపు ఒక చూపు చూసేది. చివరికి ఒక వానాకాలం చెదలు పట్టి ఆ సమస్యను సగం తీర్చాయి. రెండో పుస్తకానికి 150 కాపీలే వేశాను. నాలుగు నెలల్లో అయిపోతే మళ్లీ 100 వేశాను. రెండు పుస్తకాల మధ్య నేనేమీ పెద్ద రచయితను అయిపోలేదు, లెక్క నేర్చుకున్నానంతే. ఆ లెక్కే ఇక్కడ చెప్తున్నా. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఉండి పది పన్నెండు కథలు రాసి పెట్టుకుని, ఇంగ పుస్తకం వేద్దామా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. పాత దారి మూసుకుపోయింది. మా చిన్నప్పుడు వీధికొక అద్దె పుస్తకాల షాపు ఉండేది, వారపత్రిక ఇంటికొకటి కొంటే నాలుగిళ్లు చదివేవి, అందులో కథ పడితే బస్సులో ముక్కూమొహం తెలియనివాడు కూడా పలకరించేవాడు. ఇప్పుడా షాపుల్లో సెల్‌ఫోన్ల రిపేర్లు చేస్తున్నారు. 2020లో కరోనా దెబ్బకు చాలా పత్రికలు అచ్చు ఆపేశాయి, కొన్ని మళ్లీ లేవనేలేదు. అట్లని చదివేవాళ్లు లేకుండా పోలేదు. వాళ్లు బెంగళూరులో ఉన్నారు, హైదరాబాదులో ఉన్నారు, ఫోన్లో ఉన్నారు. నా రెండో పుస్తకం కొన్నవాళ్లలో సగం మంది పులివెందుల నుంచో, ధర్మవరం నుంచో పోయి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు. ఊరి మాట అచ్చులో కనపడితే చాలు, డబ్బు ఫోన్‌పే చేసి అడ్రసు పంపుతారు. పుస్తకం షాపు గడప తొక్కరు.

అందుకని మొదటి పని ప్రెస్సుకు పోవడం కాదు, ఫోన్ తీసి కాంటాక్టులన్నీ చూడడం. "ఈ మనిషి 150 రూపాయలో 200 రూపాయలో పెట్టి నా పుస్తకం కొంటాడా" అని ఒక్కొక్క పేరు దగ్గర ఆగి నిజాయితీగా అడుక్కోండి. కొనేవాళ్ల పేర్లు కాగితం మీద రాయండి. "బాగుంది సార్" అని ఫోన్లో బొటనవేలి బొమ్మ పెట్టేవాళ్లను రాయొద్దు, వాళ్లు వేరే జాతి. నేను రాస్తే 94 పేర్లు వచ్చాయి. దానికి ఒకటిన్నర రెట్లు వేసుకున్నా. ఇంతకంటే పెద్ద సూత్రం నా దగ్గర లేదు.

కాపీల సంఖ్య దగ్గరే అందరం పడతాం. ఆఫ్‌సెట్‌లో (పెద్ద మిషన్ మీద ప్లేట్లతో అచ్చువేసే పద్ధతిలో) ఆ ప్లేట్లు చేయడానికి, మిషన్ ఎక్కించడానికి ఖర్చు ముందే అయిపోతుంది, ఆ ఖర్చు 100 కాపీలకైనా 1000 కాపీలకైనా ఒకటే. అందుకే ప్రెస్సాయన "సార్, 500 వేస్తే కాపీకి ఇంత, 1000 వేస్తే ఇంకా తగ్గుతుంది" అంటాడు. ఆయన చెప్పేది నిజమే, కానీ అమ్ముడుపోని కాపీకి ఎంత తక్కువ పడితే మాత్రం ఏం లాభం? డిజిటల్ ప్రింటింగులో ప్లేట్లుండవు. కాపీ రేటు ఎక్కువే, అయితే 50 కావాలంటే 50 వేస్తారు, అయిపోతే మళ్లీ 50. మీ మొదటి పుస్తకానికి డిజిటలే వేయించండి. ముందుగానే 400 మంది డబ్బు కడితే అప్పుడు ఆఫ్‌సెట్ గురించి మాట్లాడండి. మా ఊళ్లో ప్రెస్సులకు ఎక్కువ పని పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులే. పుస్తకం బైండింగ్ బాగా చేసేవాళ్లు దొరికితే సంతోషం, లేకపోతే విజయవాడకో హైదరాబాదుకో ఫైలు పంపితే కట్టలు ఆర్టీసీ కార్గోలో వచ్చేస్తాయి. ఎక్కడైనా సరే, వాళ్లు ఇంతకుముందు వేసిన పుస్తకం ఒకటి తెప్పించుకుని నడిమధ్యకు బాగా తెరిచి చూడండి. పేజీలు ఊడొస్తే దండం పెట్టి వచ్చేయండి.

ఇక ఫైలు. ఇక్కడ పడే కష్టం బయటివాళ్లకు తెలియదు. మనమందరం ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లో రాస్తాం, అది ఏ ఫోన్లోనైనా కనపడే అక్షరాల పద్ధతి. డీటీపీ, అంటే కంప్యూటర్లో పుస్తకం పేజీలు పెట్టే పని, చేసేవాళ్లు చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని అనూ ఫాంట్లతో చేస్తారు. యూనికోడ్‌ను అనూలోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, కొమ్ములు తారుమారవుతాయి. అన్నిటికంటే దొంగది కంటికి కనపడని ఒక గుర్తు. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. మార్పిడిలో అది పోయిందంటే "సాఫ్ట్వేర్" అవుతుంది, "ఫేస్‌బుక్" పోయి "ఫేస్బుక్" అవుతుంది. నా మొదటి పుస్తకంలో ఇట్లాంటివి పేజీకి రెండు. కాబట్టి ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే నేరుగా పేజీలు పెట్టగలిగేవాళ్లను వెతుక్కోండి. మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో దాంట్లో ఒక పేజీ ప్రింటు తీయించి, కళ్లజోడు పెట్టుకునే మీ నాయనకో మేనమామకో ఇచ్చి చదవమనండి. ఆయన కాగితాన్ని దూరం జరిపితే సైజు పెంచాలి.

ప్రూఫులు మూడుసార్లు చూడాలి. అందులో ఒకసారి మీరు గట్టిగా పైకి చదవాలి, ఒకసారి మీ యాస తెలిసిన వేరే మనిషి చూడాలి. ఈ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మొదటి పుస్తకానికి నేను డబ్బిచ్చి పెట్టుకున్న ప్రూఫ్ రీడరు మంచి చదువరి, ఆ కంటికి కనపడని గుర్తు గొడవ తప్ప అచ్చుతప్పు ఒక్కటీ వదల్లేదు, కానీ మా సీమ వాడు కాదు. పుస్తకం చేతికొచ్చాక 37వ పేజీ తెరిస్తే మా అవ్వ గేదెకు కుడితి పెడతాంది. మా అవ్వ జన్మలో గేదె అనలేదు, ఎనుము అనింది. మడక నాగలైంది. గెనిమ గట్టయింది. "కయ్యలో నీళ్లు పారినాయి" అని నేను రాస్తే "కొయ్యలో నీళ్లు పారినాయి" అని అచ్చయింది. మడిని మేం కయ్య అంటాం. ఆ మాట ఆయనకు తెలియదు కదా, టైపింగ్ తప్పనుకున్నాడు పాపం. తప్పు ఆయనది కాదు, నాది. ఇప్పుడు ఏ పుస్తకానికైనా ముందే ఒక కాగితం రాసిస్తున్నా: ఇవి ఊరి మాటలు, ఇట్లనే ఉండాలి, పోతాండాడును పోతున్నాడు చేయొద్దు, మీకు అనుమానమొస్తే గీత గీసి వదిలేయండి, నేను చూసుకుంటా అని. అయితే ఒక మాట. మనం కూడా ఒకే మాటను ఒకచోట "యాడికి" అని, ఇంకోచోట "ఏడికి" అని రాస్తాం. అది యాస కాదు, బద్ధకం. ఏదో ఒకటి పట్టుకోవాలి.

ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ లైబ్రరీకి పోయినప్పుడల్లా ఈ ప్రూఫుల గొడవే గుర్తొస్తుంది. ఆ తెల్లదొర ఇదే కడపలో సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి పెట్టుకుని, ఒక పద్యానికి దొరికిన రాతప్రతులన్నీ పక్కపక్కన పెట్టి పాఠాలు సరిచూయించాడు. 1820లలో. మనం మన కథను మూడుసార్లు చదవడానికి విసుక్కుంటాం.

పేజీల లెక్క సులభమే. మామూలుగా కథల పుస్తకాలు డెమీ 1/8 సైజులో, 70 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లితో కాగితం మీద, 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు కవరుతో వస్తాయి. ఆఫ్‌సెట్‌లో 16 పేజీలు ఒకే కాగితం మీద కలిపి వేస్తారు, అది ఒక ఫారం. 144 పేజీలంటే సరిగ్గా తొమ్మిది ఫారాలు. మీది 147 వచ్చిందనుకోండి, మూడు పేజీల కోసం ఇంకో ఫారం మొదలవుతుంది. అప్పుడు ఒక ముందుమాట తీసేయండి. ముందుమాటల గురించి ఎట్లాగూ చెప్పాలి. ముగ్గురు పెద్దవాళ్ల దగ్గర ముందుమాటలు రాయించుకునే అలవాటు మనకుంది. ఒకాయన ఆర్నెల్లు తీసుకుంటాడు, ఇంకొకాయన మీ కథల గురించి కాకుండా తన యవ్వనం గురించి రాస్తాడు, పాఠకుడు మూడింటినీ దాటేసి మొదటి కథకు పోతాడు. ఒకటి చాలు, అది కూడా కథలు నిజంగా చదివినవాళ్లదే. స్పైన్ (పుస్తకం వీపు) మందం పేజీల మీద ఆధారపడుతుంది కాబట్టి పేజీలు ఖాయం కాకముందే కవర్ పూర్తి చేయించొద్దు.

టైటిల్ పేజీ వెనక ఉండే పేజీలో కాపీరైటు, ప్రథమ ముద్రణ నెల, సంవత్సరం, వెల, ముద్రించినవారి పేరు, "ప్రతులకు" అని మీ చిరునామా, ఫోన్ నంబరు. ఇంటి అడ్రసు ఇష్టం లేకపోతే నంబరు ఒక్కటైనా పెట్టండి, ఉత్తరం రాసే రోజులు పోయినా చదివి ఫోన్ చేసేవాళ్లు మనకింకా ఉన్నారు. పత్రికల్లో వచ్చిన కథైతే కథ చివర పత్రిక పేరు, నెల, ఏడాది వేయండి.

ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకం గుర్తింపు నంబరుకు) ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వాల్సిన పని లేదు. మన దేశంలో దాన్ని ఇచ్చేది ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ, కేంద్ర విద్యాశాఖ కింద ఉంటుంది, ఉచితంగా ఇస్తుంది. సొంతంగా పుస్తకం వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే ఆలస్యం కావచ్చు కాబట్టి ప్రూఫులు నడుస్తున్నప్పుడే పెట్టేయండి. "ఐఎస్‌బీఎన్ మేమే ఇప్పిస్తాం, ప్యాకేజీలో భాగం" అని దానికి వేలు లెక్కగట్టేవాళ్లు తగుల్తారు, జాగ్రత్త. ఇంకొకటి, ఆ నంబరు ఎవరి పేరు మీద తీసుకుంటే కాగితాల్లో ప్రచురణకర్త వాళ్లే.

ప్యాకేజీల సంగతి కొచ్చాం కాబట్టి చెప్తా. రచయిత దగ్గర డబ్బు తీసుకుని పుస్తకం వేసిపెట్టడం తప్పేమీ కాదు, పనికి కూలి అది. కానీ డబ్బూ మనదే, హక్కులూ వాళ్లవే అంటే మాత్రం కుదరదు. నాకొకసారి వచ్చిన ఒప్పందంలో "అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, శాశ్వతంగా" అని ఉండింది. కథ ఇచ్చి ఆస్తి రాసిచ్చినట్టు. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రచయిత బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏండ్లు హక్కు ఉంటుంది, మీ మనవళ్ల దాకా వస్తుంది. హక్కు రాసిచ్చేటప్పుడు ఎంతకాలమో కాగితంలో లేకపోతే చట్టం దాన్ని 5 ఏండ్లుగా లెక్కగడుతుంది, ఏ ప్రాంతమో లేకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అందుకే తెలివైనవాళ్లు "శాశ్వతంగా" అని స్పష్టంగా రాయిస్తారు. మీరు ఆ మాట కొట్టేసి, అచ్చు హక్కు మూడేండ్లకు అని రాయండి. ఆడియో, అనువాదం మీ దగ్గరే ఉంచుకోండి.

అనువాదం మనకెందుకు అనొద్దు. 2025లో అంతర్జాతీయ బుకర్ వచ్చింది పక్కనున్న కర్ణాటకలో, హాసన్ ఊరి లాయరు బాను ముష్తాక్‌కు. నవలకు కాదు, కథలకు. 12 కథలు, దీపా భాస్తి కన్నడం నుంచి ఇంగ్లీషు చేసింది, బహుమతి డబ్బు ఇద్దరికీ సగం సగం. మనకు వస్తుందని కాదు నేననేది. ఎవరైనా అనువాదకులు "మీ కథ చేస్తాను" అని మెయిల్ పెట్టినరోజు, హక్కు ఎవరి దగ్గరుందో తెలియక మీరు తలగోక్కోకూడదు. వయసు 35 దాటనివాళ్లయితే కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం కూడా గుర్తుపెట్టుకోండి. అది మొదలైన మొదటి రెండేండ్లూ, 2011లో వేంపల్లి గంగాధర్‌కు, 2012లో వేంపల్లె షరీఫ్‌కు, తెలుగులో మా కడప జిల్లా వేంపల్లె వాళ్లకే వచ్చింది. ఇద్దరూ కథకులే.

వెల పెట్టేటప్పుడు మొహమాటపడకండి. కాపీకి 90 రూపాయలు పడిందనుకుందాం. వెల 120 పెడితే షాపుకు 40 శాతం కమీషన్ పోయి మీకు 72 వస్తుంది. అంటే ఒక్కో కాపీ అమ్మినప్పుడల్లా 18 రూపాయలు మీ జేబులోంచి పోతుంది. వెల 200 పెట్టండి. షాపులో అమ్మితే 120 వస్తుంది, మీరే నేరుగా అమ్మితే 160కి ఇచ్చినా ఇంకా ఎక్కువ మిగుల్తుంది. అచ్చు పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు. ప్రెస్సు బిల్లులో మాత్రం ఉంటుంది, అది కలిపి చెప్పారో లేదో రేటు మాట్లాడేటప్పుడే అడగండి.

సభ పెట్టాలా వద్దా? పెట్టండి, చిన్నది. మా దగ్గర సభంటే వేదిక మీద పదిమంది, కింద పన్నెండు మంది. ముఖ్య అతిథి పుస్తకాన్ని కారులో తిరగేసి వస్తాడు. హాలు, శాలువాలు, జ్ఞాపికలు, టిఫిన్లు అన్నీ కలిపి చూస్తే ఇంకో 50 కాపీల ఖర్చు. దానికి బదులు ఏ కాలేజీ తెలుగు డిపార్టుమెంటులోనో, ఎవరింటి మిద్దె మీదనో ముప్పై మందిని కూర్చోబెట్టి ఒక కథ పూర్తిగా చదవండి, టీ ఇవ్వండి, తలుపు దగ్గర బల్ల వేసి పుస్తకాలు పెట్టండి. ఉచితంగా మాత్రం ఇవ్వొద్దు. ఊరికే ఇచ్చిన పుస్తకం టీవీ మీదికి పోతుంది, డబ్బు పెట్టి కొన్నది దిండు పక్కకు పోతుంది.

పోస్టు ఇంకో చిక్కు. మనమందరం తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపుకున్న రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలాశాఖ 2024 డిసెంబరులో తీసేసింది. చిన్న ప్రచురణలన్నీ లబోదిబోమన్నాయి. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్టు అని కొత్తది పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, గరిష్ఠంగా 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. 144 పేజీల డెమీ పుస్తకం తూకం 180 గ్రాముల చుట్టుపక్కల వస్తుంది, కవరుతో కలిపినా మొదటి మెట్టు దాటదు. పేజీలు పెంచాలనిపించినప్పుడు ఇది కూడా గుర్తుంచుకోండి. దీనికి పుస్తకం మీద ముద్రించినవారి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. కౌంటర్లో "జ్ఞాన్ పోస్టు" అని పేరు పెట్టి అడగండి, లేకపోతే స్పీడ్ పోస్టులో కొట్టేస్తారు. నేను వారానికి రెండు రోజులు పెట్టుకున్నా, మంగళవారం, శుక్రవారం. డబ్బు పడగానే రోజూ పరుగెత్తితే ఉద్యోగం మానుకోవాల్సి వస్తుంది.

ప్రచారానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. పుస్తకం కవరు ఒక్కటే పెట్టి "నా పుస్తకం వచ్చింది" అంటే శుభాకాంక్షలు వస్తాయి, ఆర్డర్లు రావు. కథలోంచి ఆరు లైన్లు పెట్టండి, మనిషి ఆగి చదివేవి. నేను కరువు ఏడాది పశువులను అమ్మే సంతలోని మాటలు నాలుగు పెట్టి కింద నంబరు, ధర వేస్తే రెండు రోజుల్లో 31 ఆర్డర్లు వచ్చాయి. ధర రాయడం సిగ్గనుకోవద్దు.

షాపులకు ఇస్తే ఐదైదు కాపీలకు మించి ఇవ్వొద్దు, ఇచ్చినట్టు కాగితం మీద సంతకం తీసుకోండి. మొదటి పుస్తకం 100 కాపీలు ఒకచోట ఇచ్చి కాగితం తీసుకోలేదు, డబ్బూ రాలేదు, కాపీలూ రాలేదు, ఇప్పుడు అడిగితే నేనెవరో కూడా వాళ్లకు గుర్తులేదు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ జరుగుతాయి. సొంత స్టాలు మనవల్ల కాదు గానీ, తెలిసినవాళ్ల స్టాల్లో పది కాపీలు పెట్టి, ఒక ఆదివారం మీరే పోయి పక్కన నిలబడండి.

అమ్మకానికి కాని కాపీలు కొన్ని పక్కన పెట్టాలి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించినవాళ్లు 30 రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకు, ముంబయి, ఢిల్లీ లైబ్రరీలకు తలా ఒకటి పంపాలి. సొంతంగా వేసుకుంటే ఆ ప్రచురించినవాళ్లు మీరే. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయానికి ఒకటి పంపండి, తెలుగు కథ అనేది దేన్నీ వదలకుండా దాచాలని కూర్చున్నారు వాళ్లు. బ్రౌన్ లైబ్రరీకి ఒకటి, మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఒకటి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మీరూ కడుతున్నారు, మీ పుస్తకం అక్కడ ఉండాల్సిందే.

చివరగా ఒక ముఖ్యమైన పని. డీటీపీ చేసినాయన దగ్గర పీడీఎఫ్ ఒక్కటే కాదు, ఇన్‌డిజైన్ ఫైలు, ఫాంట్లు, కవర్ ఫైలు అన్నీ అడిగి తీసుకోండి, బాకీ తీర్చేరోజే తీసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీ మెయిల్‌కు మీరే పంపుకుని ఇంకొకటి. మీకోసం ఉంచుకున్న కాపీలో దొరికిన తప్పులన్నీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకుంటూ పోండి, మళ్లీ 50 వేసేటప్పుడు ముందు అవి దిద్దించాలి. నా మొదటి పుస్తకం ఫైలు నేను అడగలేదు, ఆ షాపు ఎత్తేశారు, ఆ కంప్యూటర్ ఎక్కడుందో తెలియదు. 37వ పేజీలో మా అవ్వ ఇంకా గేదెకే కుడితి పెడతాంది.